వరి తగ్గించి పాలీహౌస్ వేద్దామనుకుంటున్నారా? ముందు కిలో లెక్క కట్టండి

యాసంగి వడ్లు కల్లంలో పోసి, తేమ 17 శాతానికి దిగేదాకా తిరగేసుకుంటూ, కాంటా ఎప్పుడవుతుందో, లారీ ఎప్పుడొస్తుందో తెలియక కూర్చున్న వారం పది రోజుల్లోనే మనోళ్లకు ఈ ఆలోచన ఎక్కువగా వస్తుంది. చేతిలో ఫోను, ఫోనులో ఎవరో ఎర్ర క్యాప్సికం పట్టుకుని, పాలీహౌస్ వేస్తే, అంటే ఇనుప పైపుల మీద ప్లాస్టిక్ కప్పి లోపల పంట పెడితే, ఎకరానికి పది లక్షలు మిగులుతాయని చెప్తుంటాడు. మిర్యాలగూడ నుంచి నారాయణపేట దాకా ఈ వీడియోలు చూడని రైతు లేడనుకుంటా. ఆ పది లక్షలు అబద్ధమని నేను అనను. ఏ ఏడాది, ఏ నెలలో, ఎవరి కష్టం లెక్క కట్టకుండా వచ్చిన పది లక్షలో మాత్రం ఆ వీడియోలో ఉండదు.

వరి రైతుకు ఒక అలవాటు ఉంటుంది. ఎన్ని బస్తాలు పండాయన్నదే అడుగుతాం, కిలో పండించడానికి ఎంత పడిందని అడగం. అడగాల్సిన అవసరం కూడా పెద్దగా రాలేదు, ఎందుకంటే రేటు సర్కారు ముందే చెప్తుంది, కొనే సెంటరు ఊర్లోనే ఉంటుంది. కూరగాయల్లోకి దిగిన రోజు నుంచి ఈ రెండూ ఉండవు. అందుకే ఏ విత్తనం, ఏ కంపెనీ, ఎంత దిగుబడి అన్నవి పక్కనపెట్టి, నాకు కిలో ఎంతకు పడుతుంది అన్న ఒక్క ప్రశ్నకు జవాబు రాసుకున్నాకే మిగతా పని మొదలుపెట్టండి.

వరిని ముందు నిజాయితీగా లెక్కేయండి

2025-26కు గ్రేడ్-ఏ వడ్ల మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. ఎకరానికి 25 క్వింటాళ్లు వచ్చాయనుకుందాం, 59,725. దున్నకం, దమ్ము, నారు, నాటు, ఎరువులు, మందులు, కోత మిషను, ట్రాక్టరు, హమాలీ అన్నీ కలిపితే ఈ రోజుల్లో 28 నుంచి 32 వేలు అవుతుంది. నాటుకు మన ఊరి కూలీలు దొరక్క బీహార్, బెంగాల్ ముఠాలను పిలిపించుకునే ఊర్లలో అయితే వాళ్లు చెప్పిందే రేటు. తరుగు, తాలు పేరుతో పోయేది కూడా తీసేస్తే సొంత భూమి ఉన్న రైతుకు సీజనుకు 27, 28 వేలు మిగిలినట్టు. కౌలు రైతుకు అందులో సగం పోతుంది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. సన్నాలు వేసి క్వింటాకు బోనస్ 500 తెచ్చుకుంటే ఇంకొంత కలుస్తుంది కానీ సన్నాలకు దిగుబడి కొద్దిగా తక్కువ, తెగుళ్ల బెడద కొద్దిగా ఎక్కువ.

రెండు పంటలూ పండితే ఏడాదికి ఎకరాకు 55 వేల దాకా. తక్కువే, కాదనను. కానీ అందులో డబ్బు రూపంలో కనపడనివి మూడు ఉన్నాయి. ఇంటి తిండి గింజలు, పాడి ఉంటే గడ్డి, ఇంకా ముఖ్యంగా తీరిక. వరికి నీళ్లు పెట్టుకుని వారం రోజులు హైదరాబాద్ పోయి పని చేసుకుని రావచ్చు, పెళ్లిళ్లు చేసుకోవచ్చు, ఆటో నడుపుకోవచ్చు. పాలీహౌస్‌లో ఆ తీరిక మొత్తం పోతుంది. రెండు బర్రెలున్న ఇంట్లో వరి పూర్తిగా ఎత్తేస్తే ఎండాకాలం గడ్డి ట్రాక్టరుకు ఎంత పెడతారో అది కూడా కొత్త పంట ఖర్చులోనే రాయాలి, ఎవరూ రాయరు.

కట్టడం ఖర్చు, రాయితీ అసలు ఎలా పడుతుంది

చాలామంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. 20 గుంటలంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. గాలి దానంతటదే ఆడే మామూలు పాలీహౌస్‌కు, అంటే ఫ్యాన్లు, తడి ప్యాడ్లు లేనిదానికి, కేంద్ర ఉద్యాన మిషన్ 2014 నుంచి ఈ సైజుకు పెట్టుకున్న ఖర్చు చదరపు మీటరుకు 890 రూపాయలు. షేడ్‌నెట్‌కు, అంటే ప్లాస్టిక్ బదులు నీడ నెట్ కప్పినదానికి, 710. రాయితీ అందులో సగం. 2025లో ఈ మార్గదర్శకాలు మార్చారు, కాబట్టి ఈ ఏడాది రేటు, ఒక్కో రైతుకు ఎంత విస్తీర్ణం దాకా ఇస్తారన్నది మండల ఉద్యాన అధికారిని అడిగి రాసుకోండి. లెక్క కట్టే పద్ధతి అర్థం కావడానికి నేను పాత రేటుతోనే చెప్తాను.

2,000 మీటర్లకు 890 చొప్పున 17 లక్షల 80 వేలు, సగం రాయితీ అంటే 8 లక్షల 90 వేలు. కంపెనీ మీకిచ్చిన కొటేషన్ మీటరుకు 1,100 ఉందనుకోండి. బిల్లు 22 లక్షలు. రాయితీ మీ బిల్లులో సగం రాదు, వాళ్లు పెట్టుకున్న రేటులో సగమే వస్తుంది. అంటే మీ చేతి నుంచి పెట్టాల్సింది 11 లక్షలు కాదు, 13 లక్షల 10 వేలు. ఈ రెండు లక్షల తేడా దగ్గరే భార్య మెడలో బంగారం బ్యాంకుకు పోతుంది.

రెండోది, రాయితీ సొమ్ము కట్టడం పూర్తయి, తనిఖీ అయ్యాక గానీ పడని సందర్భాలే ఎక్కువ. ఆ 8 లక్షల 90 వేలు ఏడాది ఆలస్యమైతే 11 శాతం లెక్కన వడ్డీయే లక్షకు దగ్గరగా అవుతుంది. తెలంగాణ వచ్చిన కొత్తలో పాలీహౌస్‌లకు 75 శాతం రాయితీ ఇచ్చారు, ఆ ఊపులో చాలామంది వేశారు. ఇప్పుడు సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటాక చూస్తూ పోతే అక్కడక్కడా ప్లాస్టిక్ మొత్తం పోయి ఇనుప పైపులు మాత్రం మిగిలిన చట్రాలు కనపడతాయి. రాయితీ ఎక్కువ వచ్చినంత మాత్రాన పంట నిలబడదు. అది మొదటి ఏడాది ఖర్చును తగ్గిస్తుంది, నాలుగో ఏడాది ప్లాస్టిక్ మార్చే ఖర్చును తగ్గించదు.

ఇక ఆ ప్లాస్టిక్ సంగతి. 200 మైక్రాన్ల యూవీ ఫిల్మ్ మన ఎండలకు మూడు నుంచి ఐదేళ్లు, అది కూడా ఏప్రిల్, మే గాలివానలకు చిరగకపోతే. అర ఎకరానికి ఫిల్మ్, కూలి కలిపి లక్షన్నర దాటుతుంది. దానికోసం ఏడాదికి 50 వేలు పక్కన తీసి పెట్టుకోవాల్సిందే, తీయలేనంటే ఈ పని మీది కాదు.

కిలో లెక్క

ఇప్పుడు కలుపుదాం. 13 లక్షలు అప్పు, 11 శాతం వడ్డీ, ఏడేళ్లలో తీర్చాలి. ఏడాదికి 2 లక్షల 76 వేలు కట్టాలి. ఫిల్మ్ కోసం 50 వేలు. రంగు క్యాప్సికం వేస్తే అర ఎకరానికి ఐదున్నర వేల మొక్కలు, నారు ఒక్కోటి పది రూపాయలకు అటూ ఇటూ, నీళ్లలో కరిగే ఎరువులు, మందులు, దారాలు, బెడ్లు, ఇద్దరు మనుషులకు తొమ్మిది పది నెలల జీతం, అన్నీ కలిపి 5 లక్షలు అనుకోండి. మొత్తం 8 లక్షల 26 వేలు.

కంపెనీ కాగితంలో దిగుబడి 20 టన్నులు ఉంటుంది. 20 వస్తే కిలో 41 రూపాయలకు పడినట్టు. మొదటిసారి వేసే రైతుకు 15 టన్నులు వస్తే చాలా బాగా చేసినట్టు, అప్పుడు కిలో 55. దీనికి క్రేట్లు, డీసీఎం కిరాయి, హమాలీ, కమీషన్ కలిపి ఇంకో 7 రూపాయలు వేయండి. 62. సీజను మొత్తం సగటున కిలోకు 62 వస్తేనే మీకు పైసా లాభం లేకుండా, పైసా నష్టం లేకుండా గట్టెక్కినట్టు. ఒక వారం 100 పలికింది అన్నది కాదు, సీజను సగటు.

అదే భార్యాభర్తలిద్దరూ లోపల దిగి ఒక మనిషి పని తామే చేసుకుంటే లక్షా 30 వేలు తగ్గుతుంది, కిలో 46కు దిగుతుంది, మార్కెట్ ఖర్చుతో 53. చూశారా, విత్తనం మార్చినా, ఎరువు మార్చినా రాని తేడా ఇంటి మనుషుల చేతుల వల్ల వచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, ఊర్లో జీతగాణ్ని పెట్టి, సీసీ కెమెరాలో చూసుకుంటూ పాలీహౌస్ నడుపుదామనుకునే తమ్ముళ్లు ఈ రెండు అంకెలు గోడ మీద రాసి పెట్టుకుంటే మంచిది. పురుగు కెమెరాలో కనపడదు.

మీ లెక్కలో ఈ అంకెలన్నీ మారతాయి, మారాలి కూడా. కానీ లైన్లు ఇవే: అప్పు కిస్తీ, ఫిల్మ్ కోసం దాచేది, సాగు ఖర్చు, మార్కెట్ ఖర్చు, వీటన్నిటినీ భాగించే టన్నులు. టన్నులు రాసేటప్పుడు మీ మీద మీకున్న నమ్మకంలోంచి పావు వంతు తీసేసి రాయండి.

మన ఎండకు ఏది ఆగుతుంది

పుణె, బెంగళూరు చుట్టుపక్కల పాలీహౌస్‌లు చూసొచ్చి అదే నమూనా ఇక్కడ దించడం పెద్ద ఇబ్బంది. అక్కడ మే నెలలో కూడా రాత్రిళ్లు చల్లబడుతుంది. నల్లగొండలో 43, 44 డిగ్రీలు మామూలే, ప్లాస్టిక్ కింద ఇంకో నాలుగైదు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. క్యాప్సికం 32, 35 డిగ్రీలు దాటితే పూత రాల్చేస్తుంది. ఫ్యాను, ప్యాడు పెట్టొచ్చు కదా అంటారు, కట్టడం ఖర్చు ఒకటిన్నర రెట్లు అవుతుంది, పైగా కరెంటు మూడు గంటలు పోతే మొక్క ఉడికిపోతుంది. సాగుకు 24 గంటల కరెంటు ఇస్తున్నా ఎండాకాలం గాలిదుమారానికి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఎన్ని రోజులకు వస్తుందో మనకు తెలిసిందే.

కాబట్టి మన దగ్గర క్యాలెండర్‌ను పంటకు తగ్గట్టు వంచుకోవాలి. జులై ఆఖరు, ఆగస్టు మొదట్లో నాటి, అక్టోబర్ నుంచి మార్చి దాకా కోసుకుని, ఏప్రిల్‌కు ఖాళీ చేయండి. మే నెలలో బెడ్లు బాగా తడిపి పలచటి, అవతలిది కనపడే ప్లాస్టిక్ కప్పి నాలుగైదు వారాలు మూసి ఉంచితే ఆ ఎండే మట్టిలోని రోగాలను చంపుతుంది. మన ఎండ మనకు ఉపయోగపడేది ఇక్కడే.

గింజలేని కీరా అయితే నాటిన 35, 40 రోజులకు కోత, మూడు నెలల్లో పంట అయిపోతుంది, డబ్బు త్వరగా తిరుగుతుంది. దానికి తేనెటీగ అక్కర్లేదు, అందుకే పాలీహౌస్‌కు సరిపోతుంది. మామూలు దోస, కాకర, సొర లోపల వేసి కాయ ఎందుకు పడట్లేదని అడిగేవాళ్లు ఉంటారు. నెట్ వేసి తేనెటీగను బయట పెట్టారు కదా, మరి కాయ ఎక్కడి నుంచి వస్తుంది?

నన్నడిగితే పాలమూరు, నల్లగొండ ఎండలకు చాలామంది చిన్న రైతులకు పాలీహౌస్ కన్నా షేడ్‌నెట్ నయం. వాన ఆపదు, అది నిజమే, వానాకాలం తెగుళ్లు ఎక్కువే. కానీ 50 శాతం నీడ నెట్ కింద ఏప్రిల్, మే నెలల్లో కొత్తిమీర, మెంతి, పాలకూర తీయగలిగితే ఆ రెండు నెలలు హైదరాబాద్‌లో ఆకుకూరకు ఉండే రేటు ఇంకెప్పుడూ ఉండదు. బయట ఎవరికీ మొలవదు కాబట్టి. ఇంకోటి నారు. 98 గుంతల ప్రోట్రేల్లో, కొబ్బరి పొట్టులో మిర్చి, టమాట, వంగ, బంతి నారు పెంచి అమ్మడం. కొనేవాడు చుట్టుపక్కల ఊర్లలోనే ఉంటాడు, జూన్, జులైలో తనే బండి కట్టుకుని వస్తాడు, అడ్వాన్సు కూడా ఇస్తాడు. పట్నంలో బోయినపల్లి కూరగాయల మార్కెట్ మొహం చూడకుండా డబ్బు వచ్చే పని ఇందులో ఇదొక్కటే.

నీళ్లు: ఇందులో మాత్రం లాభం ఖాయం

ఒక ఎకరం వరికి ఒక సీజనుకు తక్కువలో తక్కువ 1,200 మిల్లీమీటర్ల నీళ్లు, అంటే దాదాపు 48 లక్షల లీటర్లు. 20 గుంటల పాలీహౌస్‌కు డ్రిప్ మీద రోజుకు 6 నుంచి 8 వేల లీటర్లు. 300 రోజులు పెట్టినా 24 లక్షలు దాటదు. అర ఎకరం వరికి ఒక్క యాసంగిలో పారించే నీళ్లతో అర ఎకరం పాలీహౌస్ ఏడాదంతా నడుస్తుంది. మార్చిలో బోరు గుక్కిళ్లు మింగి పొట్ట దశలో వరి ఎండబెట్టుకునే దేవరకొండ, అచ్చంపేట వైపు రైతులకు ఈ ఒక్క కారణం చాలు ఆలోచించడానికి.

కానీ ఎన్ని నీళ్లు అన్నదానితో పాటు ఎలాంటి నీళ్లు అన్నది చూడాలి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు నీళ్ల గురించి కొత్తగా చెప్పేదేముంది. ఫ్లోరైడ్ మనుషుల బొక్కలు వంచింది. మొక్క దగ్గర ఎక్కువ ఇబ్బంది పెట్టేవి నీళ్లలో ఉప్పులు, బైకార్బొనేట్లు. నీళ్ల పరీక్షలో ఈసీ, అంటే ఉప్పుల కొలత, 1 దాటితే క్యాప్సికం దిగుబడి తగ్గడం మొదలవుతుంది, కీరా ఇంకొంచెం ఓర్చుకుంటుంది. డ్రిప్పర్ల మూతి దగ్గర తెల్లగా సున్నం పేరుకుంటుంటే ఎరువు లెక్క ఎంత బాగా వేసినా ఒక మొక్కకు అంది ఒక మొక్కకు అందదు. పరీక్ష చేయించకుండా కొటేషన్ మీద సంతకం పెట్టకండి, పరీక్షకయ్యేది కొన్ని వందలే.

పాలీహౌస్ కప్పు మీద పడే వానను ఎవరూ పట్టించుకోరు. 600 మిల్లీమీటర్ల వాన పడే చోట 2,000 మీటర్ల కప్పు మీద 12 లక్షల లీటర్లు పడతాయి. గట్టర్లకు పైపులు పెట్టి ప్లాస్టిక్ పరిచిన కుంటలోకి మళ్లిస్తే ఎనిమిది తొమ్మిది లక్షలు చేతికొస్తాయి, ఉప్పు లేని నీళ్లు. బోరు నీళ్లలో సగం ఇవి కలిపి పెట్టుకుంటే చెడ్డ నీళ్లున్న ఊర్లో కూడా పంట తీయొచ్చు. కట్టేటప్పుడే గట్టరు, కుంట కొటేషన్‌లో రాయించండి, తర్వాత అంటే అవ్వదు.

ఎక్కడ వేయాలి, మట్టి ఏది

వరి మడిలో వేయొద్దు. ముఖ్యంగా సాగర్ ఎడమ కాల్వ కింద, చుట్టూ పది మంది వరి పెట్టి నీళ్లు నిలబెడితే మధ్యలో మీ పాలీహౌస్‌కు ఊట వస్తుంది, వేర్లు కుళ్లుతాయి, గట్లు ఎంత ఎత్తు పోసినా లాభం లేదు. చెల్క, కాస్త ఎత్తు, నీళ్లు జారిపోయే చోటు, బండి లోపలిదాకా వచ్చే బాట ఉన్న చోటు చూసుకోండి. బెడ్లకు ఎర్రమట్టి, బాగా మగ్గిన పశువుల ఎరువు, వరి పొట్టు కలుపుతారు. పొట్టుకు మనకేం కరువు, మిర్యాలగూడ మిల్లుల పుణ్యమా అని.

ఎర్రమట్టి తెచ్చేటప్పుడు పాత టమాట, మిర్చి, వంగ తోటల మట్టి తేవొద్దు. ఎందుకో తెలియాలంటే మధ్యాహ్నం పూట వాలి సాయంత్రానికి లేస్తున్న క్యాప్సికం మొక్కనొకదాన్ని మెల్లగా పీకి వేరు కడిగి చూడండి. సాఫీగా ఉండాల్సిన పిల్ల వేర్లకు పూసలు గుచ్చినట్టు బుడిపెలు ఉంటాయి, గోటితో చిదిమితే మెత్తగా నలుగుతాయి. నులిపురుగులు. నీళ్లు తక్కువయ్యాయేమోనని రైతు ఇంకో గంట డ్రిప్ వదులుతాడు, అది ఇంకా చెడగొడుతుంది. బయట పొలంలో అయితే పంట మార్చి తప్పించుకోవచ్చు, ఇక్కడ ప్రతి ఏడాదీ అదే చోట అదే జాతి పంట కాబట్టి రెండో ఏడాదికి చేరిన పురుగు నాలుగో ఏడాదికి పాలీహౌస్‌ను మూయిస్తుంది. వేప పిండి, ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం కలిపిన ఎరువు, మే నెల ఎండబెట్టడం, మధ్యలో ఒకసారి బంతి వేయడం, ఇవి మొదటి ఏడాది నుంచే చేయాలి. వచ్చాక మందు కొట్టి పోగొడదామంటే పోదు. లోపలికి వచ్చే ప్రతి మనిషీ చెప్పులు బయట విడిచి రావాలి, చూడటానికొచ్చిన బావమరిది అయినా సరే.

అమ్మకం

హైదరాబాద్ మనకు వంద కిలోమీటర్లు, ఇది మనకున్న బలం. నల్లగొండ నుంచి చౌటుప్పల్ మీదుగా, పాలమూరు నుంచి షాద్‌నగర్ మీదుగా రెండు మూడు గంటల్లో పట్నం చేరతాం. టమాట మదనపల్లె నుంచీ కర్ణాటక నుంచీ అంతకు నాలుగైదు రెట్ల దూరం దాటి వస్తుంది.

కట్టడం మొదలుపెట్టకముందే చేయాల్సిన పని ఒకటుంది. మీరు వేయాలనుకున్న పంటకు గత మూడేళ్ల నెలవారీ రేట్లు అగ్‌మార్క్‌నెట్ అనే సర్కారు మార్కెట్ రేట్ల సైటులో చూసి నోట్‌బుక్‌లో రాయండి. మీ కోత వచ్చే నెలల సగటు మీ కిలో లెక్క కన్నా కింద ఉంటే అక్కడితో ఆపేయండి. 2023 జులైలో టమాట కిలో వంద దాటింది, ఆ రేటు చూసి వేసినవాళ్లు కోసేనాటికి అది ఉండలేదు. రేటు చూసి నాటితే ఎప్పుడూ ఇంతే.

తర్వాత బోయినపల్లి, గుడిమల్కాపూర్ మార్కెట్‌లకు తెల్లవారుజామున పోయి ఊరికే నిలబడి చూడండి. అడ్తిదారుతో, అంటే కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టేవాడితో, మాట్లాడేటప్పుడు రేటు ఒక్కటే అడగొద్దు. తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, ఒకటి చేతిలోకి తీసుకుని పై నుంచి కిందిదాకా చదవండి: ఎన్ని క్రేట్లు, క్రేటు బరువు ఎంత తీసేశారు, తూకం ఎంత, మొదటి రకం ఎంత, రెండో రకం ఏ రేటుకు రాశారు, కమీషన్, హమాలీ, కిరాయి. బత్తాయి అమ్మిన నల్లగొండ రైతుకు తూకంలో కోసేసే సూట్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, కూరగాయల్లో కూడా తూకం దగ్గర అలాంటివి రకరకాల పేర్లతో ఉంటాయి. మొత్తం డబ్బును మీరు పంపిన కిలోలతో భాగిస్తే వచ్చేదే మీ అసలు రేటు. ఆయన నోటితో చెప్పింది కాదు.

రంగు క్యాప్సికం తినేది ఎక్కువగా హోటళ్లు, క్యాటరింగ్ వాళ్లు, సూపర్ మార్కెట్లు. మన ఇళ్లలో రోజూ వండుకునే కూర కాదది. కాబట్టి పంచాంగం కూడా చూడాలి, నవ్వకండి. మూఢాలు వచ్చి పెళ్లిళ్లు ఆగిన నెలల్లో క్యాటరింగ్ ఆర్డర్లు పడిపోతాయి, ముహూర్తాలు గుంపుగా ఉన్న వారాల్లో ఫోన్ చేసి మరీ అడుగుతారు. ఆకుపచ్చ క్యాప్సికం, కీరా అయితే ఇంత ఆటుపోట్లు ఉండవు, రేటూ అంత ఉండదు. మొత్తం సరుకు ఒకే దారిలో పంపొద్దు. కొంత అడ్తికి, కొంత పట్నంలో ఇద్దరు ముగ్గురు క్యాటరింగ్ వాళ్లకు నేరుగా, మిగిలింది రైతుబజారుకు. రైతుబజారులో కూర్చోవాలంటే అధికారులిచ్చే కార్డు కావాలి, పంట వేసిన రోజే దరఖాస్తు పెట్టుకోండి, కోత రోజు కాదు.

వారానికి రెండు కోతలు, ఒక్కో కోతకు మూడు నాలుగు క్వింటాళ్లే వస్తుంటే డీసీఎం సగం ఖాళీగా పోతుంది, కిరాయి మాత్రం నిండుగానే పడుతుంది. అందుకే ఒంటరిగా వేయడం కన్నా దగ్గరలో నలుగురు కలిసి వేయడం మేలు. ఒకే బండి, ఒకే రోజు కోత, అడ్తిదారు దగ్గర మాట కూడా పెరుగుతుంది.

నేరుగా దూకొద్దు, పందిరి నుంచి మొదలుపెట్టండి

నాలుగెకరాల రైతు నన్నడిగితే ఇట్లా చెప్తా. రెండున్నర, మూడెకరాలు వరి ఉండనీయండి, తిండికి, గడ్డికి, కిస్తీకి అదే అండ. మొదటి ఏడాది పది ఇరవై గుంటల్లో రాతి కడీలు పాతి, తీగలు లాగి శాశ్వత పందిరి వేసి కాకర, బీర, దొండ పెట్టండి. డ్రిప్‌కు ఎస్సీ, ఎస్టీలకు నూరు శాతం, బీసీలకు, చిన్న, సన్నకారు రైతులకు 90, మిగతావాళ్లకు 80 శాతం రాయితీ ఇస్తూ వచ్చారు, నిధులు ఎప్పుడున్నాయో ఆఫీసులో కనుక్కోండి. పందిరి ఖర్చు పాలీహౌస్ ముందు లెక్కలోదే కాదు, కానీ నేర్పేది మాత్రం అంతా నేర్పుతుంది. రోజు విడిచి రోజు కోత ఇంట్లోవాళ్లకు కుదురుతుందా, అడ్తిదారు పట్టీలో ఏం రాస్తాడు, డ్రిప్‌లో ఎరువు కలపడం, కాయ తొలిచే పురుగును ముందే పట్టడం. రెండు సీజన్లు చేశాక కూడా భార్యకూ మీకూ ఇష్టంగానే ఉంటే రెండో మెట్టు షేడ్‌నెట్, నారు. ఆ తర్వాతే పాలీహౌస్. మధ్యలో ఎక్కడ ఆగినా నష్టం లేదు. పందిరి దగ్గరే ఆగి బాగా బతుకుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు వీడియోలు చేయరు అంతే.

ట్రైనింగ్‌కు జీడిమెట్లలో ఉద్యాన శాఖ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ఉంది, కూరగాయలు, పూలు రక్షిత సాగులో ఎలా పండిస్తారో అక్కడ కళ్లారా చూడొచ్చు. కంపెనీ వాడు తన ఖర్చుతో తీసుకెళ్లే టూర్ కన్నా ముందు అక్కడికి పోండి.

కాగితాలు, కంపెనీ, తేదీలు

పట్టా పాసు పుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా, మట్టి, నీళ్ల పరీక్ష రిపోర్టులు పట్టుకుని ఉద్యాన అధికారిని కలవండి. ఆర్థిక సంవత్సరం మొదట్లోనే, ఏప్రిల్, మే నెలల్లో అడిగితే నిధులు ఉండే అవకాశం ఎక్కువ. మంజూరు కాగితం చేతికి రాకముందు గుంతలు తీయడం, పైపులు దింపించడం చేయొద్దు, ముందే కట్టినదానికి రాయితీ ఇవ్వరు.

కంపెనీని ఎంచుకునేటప్పుడు వాళ్లు నిన్న కట్టింది చూపిస్తారు, మీరు మూడేళ్ల కింద కట్టింది చూపించమనండి. పైపు రెండు మిల్లీమీటర్ల మందం ఉందా, వేడి జింకు పూత ఉందా, పునాది ఎంత లోతు పోశారు, పోయిన మే గాలివానకు ఏమైంది, ఆ రైతును పక్కకు పిలిచి ఫోన్ చేస్తే ఎన్ని రోజులకు వచ్చారని అడగండి. కొలతలు, పైపు మందం, ఫిల్మ్ మైక్రాన్లు, 40 మెష్ పురుగు నెట్, రెండు తలుపుల గది, గట్టరు పైపులు అన్నీ ఒప్పందంలో రాయించి, డబ్బు మూడు నాలుగు విడతల్లో పని చూసి ఇవ్వండి. ఆఖరి విడత కనీసం పది శాతం ఒక మంచి వాన పడేదాకా ఆపి ఉంచుకుంటే ఎక్కడ కారుతుందో వాళ్లే వచ్చి సరిచేస్తారు. కట్టడానికీ పంటకూ బీమా బ్యాంకు లోనుతో పాటే అడగండి. గాలి వచ్చే పడమర, నైరుతి వైపు పది మీటర్ల దూరంలో సుబాబుల్ గానీ వెదురు గానీ ఒక వరస నాటడం ఆ బీమా కన్నా చవక.

జులై ఆఖరులో నాటాలంటే నారు ఆర్డర్ జూన్ మొదటి వారంలోనే ఇవ్వాలి, క్యాప్సికం నారు తయారవడానికి 35 నుంచి 40 రోజులు పడుతుంది. కట్టడం ఆలస్యమై సెప్టెంబర్ దాటితే ఆ ఏడాదికి క్యాప్సికం వదిలేసి కీరా వేసుకోండి, మార్చి ఎండలు ముదిరే లోపు రెండు పంటలు వచ్చేస్తాయి.